లచ్చయ్య ఇంటి ఫైల్లో ఖాళీ పేజీ

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి చాయ్ తాగడానికి వెళ్లిపోయే మనిషిని నేను. మా మెదక్‌లో అలాంటి కబుర్లకు కొదవ లేదు. ఖిల్లా దగ్గర ఎవరో ఏదో చూశారంటారు. నర్సాపూర్ అడవి దారిలో బండి దానంతట అదే ఆగిపోయిందంటారు. ఆగిన బండిలో పెట్రోలు ఉందో లేదో చూశారా అని అడిగి చాలామంది చేత తిట్లు తిన్నాను. ఇప్పుడు నేను చెప్పేది విని ఎవరైనా నన్ను అలాగే అడిగితే కోపం తెచ్చుకోను. అడగాల్సినవన్నీ నన్ను నేనే ముందు అడుక్కున్నాను.

నా పేరు ప్రభాకర్. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు దగ్గరలో ఒక చిన్న దుకాణం మడిగెలో కూర్చుని దస్తావేజులు రాస్తాను. ఇల్లు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, పిల్లల పేరున రాసిచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తారు. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, మూడ్ బాగుంటేనే పనిచేసే ఒక ప్రింటరు, వీటన్నిటినీ భరించే సునీత. సునీత టైపు చేస్తుంది, ఫైళ్లు చూస్తుంది, నేను చేసిన తప్పులు పట్టుకుంటుంది.

మా పనికి ప్రాణం లింకు డాక్యుమెంట్లు. మీరు ఇల్లు అమ్ముతున్నారంటే, అది మీకెలా వచ్చిందని అడుగుతాం. నాన్న ఇచ్చాడంటారు. నాన్నకెలా వచ్చింది? తాత కొన్నాడు. తాత ఎవరి దగ్గర కొన్నాడు? ఇలా ఒక్కో కాగితం వెనక దాన్ని పుట్టించిన కాగితం ఉండాలి. మధ్యలో ఒకటి తప్పిపోతే కొనేవాడు జంకుతాడు, బ్యాంకువాడు మొహం తిప్పుకుంటాడు.

ఈ విద్య నాకు నేర్పింది ఇస్మాయిల్ సాబ్. ఉర్దూ, తెలుగు రెండూ ముత్యాల్లా రాసేవారు. కాగితాల కట్ట కుట్టేటప్పుడు ఆయనకు ఒక అలవాటు ఉండేది. వరుసలో ఏదైనా కాగితం దొరకలేదంటే, అది ఉండాల్సిన చోట ఒక తెల్ల కాగితం పెట్టి కుట్టేవారు. దాని మీద ఏమీ రాసేవారు కాదు. కొత్తలో నాకు నవ్వొచ్చింది. ఎందుకు సాబ్ కాగితం దండగ అన్నాను.

"కాగితం లేకుంటే లేకపాయె బేటా. దాని జాగ మాత్రం ఉంచాలె. జాగ గుడ తీసేస్తే, లేదన్న సంగతి గుడ ఎవనికీ యాదికుండది" అన్నారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఇల్లు అమ్మడానికి ఎవరొచ్చినా, అన్ని ప్రశ్నలూ అయ్యాక, "ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తుండ్రు?" అని అడిగేవారు. వచ్చినవాళ్లు ఈయనకేం పనిరా అన్నట్టు చూసేవాళ్లు. కాగితంలో పేరు లేని మనిషి పొయ్యి దగ్గర దొరుకుతుందని సాబ్ నమ్మకం.

ఆయన పోయి కొన్నేళ్లయింది. నాకు తండ్రి లాంటి మనిషి. ఇప్పటికీ దస్తావేజులో ఎక్కడైనా అనుమానం వస్తే, పక్క కుర్చీ వైపు తల తిప్పుతాను. అక్కడ ఇప్పుడు ప్రింటరు ఉంది.

సాబ్ పోయాక మా మడిగెలో కాగితాలు గుట్టలుగా పెరిగాయి. స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టినా అదే గందరగోళం. ఒకరోజు సునీత చేతులెత్తేసింది.

"అన్నా, గీ ఫోల్డర్లతోని నాకు మస్తు పరేషాన్ అయితుంది. మా తమ్ముడు ఒకటి వాడుతుండు, జర చూడుండ్రి" అని ఒక అవుట్‌లైన్ సాఫ్ట్‌వేర్ చూపించింది.

చూడగానే దాని మీద మనసు పడింది. అందులో ఒక పేజీ లోపల ఇంకో పేజీ పెట్టొచ్చు, దాని లోపల ఇంకోటి, ఎన్నైనా. పేరు పక్కన చిన్న త్రిభుజం గుర్తు నొక్కితే లోపలివన్నీ తెరుచుకుంటాయి, మళ్లీ నొక్కితే ముడుచుకుంటాయి. వీధి పేజీలో ఇల్లు, ఇంటి పేజీలో ఇప్పటి డాక్యుమెంటు, దాని లోపల దానికి ముందుది, దాని లోపల అంతకు ముందుది. మా పని కోసమే ఎవరో తయారుచేసినట్టు అనిపించింది. అన్నదమ్ముల పంపకం కాగితం లాంటిది మూడిళ్లకూ సంబంధించిందైతే, దాన్ని ఒక చోట ఉంచి మిగతా చోట్ల నుంచి దానికి లింకు ఇస్తే చాలు. నొక్కితే అక్కడికి తీసుకుపోతుంది.

కొన్నాళ్లు నేను, సునీత కూర్చుని పాతవన్నీ అందులోకి ఎక్కించాం. వచ్చిన ప్రతి మనిషికీ తెరిచి చూపించేవాణ్ని. ఇంట్లో నా చెప్పులెక్కడున్నాయో తెలియదు గానీ ఊరందరి తాతల కాగితాలు తెలుసని మా ఆవిడ దెప్పేది.

సాబ్ పెట్టే తెల్ల కాగితాలను మాత్రం అందులోకి ఎక్కించలేదు. ఖాళీ కాగితాన్ని స్కాన్ చేయడమేమిటి? మధ్యలో ఒకటి లేకపోతే, పాత డాక్యుమెంటును పైకి లాగి కొత్తదాని లోపల పెట్టేసేవాణ్ని. తెర మీద చూడ్డానికి వరుస శుభ్రంగా ఉండేది.

అలాంటప్పుడే బాల్‌రాజ్ వచ్చాడు. నా కంటే చిన్నవాడు, చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు, వాళ్లింటికి మాత్రం నేనెప్పుడూ పోలేదు. చేగుంటలో బోరు మోటార్ల షాపు ఉంది, కాపురమూ అక్కడే. మెదక్‌లో వాళ్ల నాన్న కొమురయ్య ఇల్లు ఉంది. కొమురయ్య పోయాక ముందు గదులకు తాళం పడింది. ఆ ఇల్లు అమ్మేసి చేగుంటలో షాపు పెద్దది చేసుకోవాలని బాల్‌రాజ్ ఆలోచన. కొనేవారు నిజాంపేట వైపు నుంచి వచ్చిన ఒక టీచరు.

కాగితాలు రెండే. కొమురయ్య కొడుక్కి రాసిచ్చిన గిఫ్టు డీడు ఒకటి, తాత లచ్చయ్య ఇల్లు కొన్నప్పటి ఉర్దూ కాగితం ఒకటి. లచ్చయ్య నుంచి కొమురయ్యకు ఎలా వచ్చిందో చెప్పే కాగితం లేదు.

"మా తాతకు ఎంతమంది కొడుకులన్నా, మా నాయిన ఒక్కడే గదా" అన్నాడు బాల్‌రాజ్.

నేను రాసుకున్నాను. మా దగ్గర అలాగే అడుగుతారు, అలాగే చెబుతారు. కొడుకులెంతమంది అన్నదే లెక్క. బాల్‌రాజ్ అబద్ధమాడలేదు, నేనూ దాచలేదు. సునీత రెండూ స్కాన్ చేసింది, ఉర్దూ కాగితాన్ని గిఫ్టు డీడు లోపల పెట్టాను. ఫైలు అయిపోయింది.

మర్నాడు పొద్దున ఫైలు తెరిస్తే, ఆ రెంటికీ మధ్యలో ఒక పేజీ ఉంది.

దానికి పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ఉత్త చుక్క. తెరిస్తే తెల్లగా ఉంది. ఉర్దూ కాగితం దాని లోపలికి పోయి కూర్చుంది. అంటే గిఫ్టు డీడు లోపల ఖాళీ పేజీ, ఖాళీ పేజీ లోపల ఉర్దూ కాగితం.

సునీతను అడిగాను. "నేనెందుకు పెడ్త అన్నా? మీరే ఏదో ఒత్తినట్టున్నరు" అంది. అయ్యుండొచ్చు. నా వేళ్లు లావు, ఇంతకు ముందూ చాలా ఒత్తాను. ఆ పేజీని తీసేశాను. తీసేసిన తర్వాత చూస్తే ఉర్దూ కాగితం కూడా లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో అంతే, పై పేజీని తీసేస్తే లోపల ఉన్నవన్నీ దానితోపాటే పోతాయి. చెత్తబుట్టలోంచి వెనక్కి తెచ్చుకుంటే, రెండూ కలిసే వచ్చాయి. అప్పుడు ఉర్దూ కాగితాన్ని మెల్లగా బయటికి లాగి, ఖాళీదాన్ని మాత్రం పారేశాను.

ఆఫీసులో ఒక రిజిస్ట్రేషన్ చూసుకుని, భోజనం చేసి వచ్చి చూస్తే మళ్లీ ఉంది. ఉర్దూ కాగితం మళ్లీ దాని లోపలే ఉంది.

ఇక నాకు పంతం వచ్చింది. ఏ పేజీని ఎవరు, ఎప్పుడు తయారు చేశారో ఆ సాఫ్ట్‌వేర్ రాసి పెడుతుంది. తెరిచి చూశాను. చేసినవాడి పేరు నాదే ఉంది. సమయం మాత్రం నేను ఆఫీసులో సాక్షుల పక్కన నిలబడి సంతకాలు పెట్టిస్తున్న వేళది. ఆ వేళలో మా బజారంతా కరెంటు లేదు. ఇన్వర్టరు రిపేరుకు పోయింది. కంప్యూటరు చచ్చి పడుంది. నా ఫోన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ లేదు, ఇంట్లో కంప్యూటరే లేదు. సునీతది వేరే అకౌంటు, ఆమె చేస్తే ఆమె పేరు పడాలి.

పాస్‌వర్డు మార్చాను. కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిచాను. అంతా వెతికి, వైరస్ లేదు, ఏమీ లేదు, మీకు కళ్లద్దాలు మార్చాల్సి వచ్చిందేమో అని వెళ్లిపోయాడు. సునీత మాత్రం నవ్వలేదు. ఆమె కూడా చూసింది కదా. "అన్నా, దాన్ని ఉండనీయరాదుండ్రి" అంది మెల్లగా. మన ఫైల్లో పనికిరాని పేజీ ఎందుకు అని మళ్లీ తీసేశాను.

రిజిస్ట్రేషన్ ముందు రోజు డ్రాఫ్టు సరిచూసుకుందామని కూర్చున్నాను. పట్టపగలు, బయట జనం, జిరాక్స్ మిషను చప్పుడు. ఫైలు తెరిచాను. ఖాళీ పేజీ ఉంది. ఈసారి పూర్తిగా ఖాళీగా లేదు. అందులో ఒక లింకు ఉంది.

సునీతను పిలిచి పక్కన నిలబెట్టుకుని నొక్కాను. అది వేరే ఫైల్లో ఉన్న వేరే ఇంటి పేజీకి తీసుకుపోయింది. లచ్చయ్య ఇంటి పక్కింటిది. చాలా ఏళ్ల కిందటి అమ్మకం కాగితం. ఆ ఇంటివాళ్లు లోనుకు పోయినప్పుడు మా దగ్గరికి వచ్చింది, మిగతావాటితోపాటు స్కాన్ చేసి పెట్టాం. చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. ఇస్మాయిల్ సాబ్ రాత.

పై నుంచి కిందికి చదివాను. బాల్‌రాజ్‌కు సంబంధించింది ఏమీ కనిపించలేదు.

"హద్దులు చూడన్నా" అంది సునీత.

ఏ ఇంటి కాగితంలోనైనా నాలుగు దిక్కులా ఏముందో రాస్తారు. తూర్పున బాట, ఉత్తరాన ఫలానావారి గోడ, అలా. పడమర దగ్గర సాబ్ ఇలా రాశారు: 'లచ్చయ్య బిడ్డ సత్తెమ్మ ఉండే అర్ర.'

అర్ర అంటే గది. ఆ వరుస రెండుసార్లు చదివాను. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. పేర్లు కలిస్తే సాఫ్ట్‌వేరే లింకు ఇస్తుందేమో అనుకున్నాను. కానీ అది చేతిరాత కాగితానికి తీసిన ఫొటో. అందులో అక్షరాలున్నాయని ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పేజీ పేరులో లచ్చయ్యా లేడు, సత్తెమ్మా లేదు.

లచ్చయ్యకు కూతురుందా? బాల్‌రాజ్‌ను నేనెప్పుడు అడిగాను? పొయ్యి ఎవరు ముట్టిస్తున్నారని కూడా అడగలేదు. బండి తీసుకుని ఆ ఇంటికి పోయాను.

ముందు తలుపుకు తాళం. పక్క సందులోంచి వెనక్కి పోతే చిన్న అర్ర, దాని ముందు కట్టెల పొయ్యి, పొయ్యి మీద పెనం. డెబ్బై దాటిన ఒక ముసలామె రొట్టె కాలుస్తోంది. నన్ను చూసి పీట జరిపింది.

"కూసో బిడ్డా. ఇల్లు చూస్తానికొచ్చినవా? ముందట చూసుకోపో. గిది నా అర్ర" అంది.

ఆమే సత్తెమ్మ. కొమురయ్యకు అక్క, బాల్‌రాజ్‌కు మేనత్త. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చింది. లచ్చయ్య పోయేముందు, ఆమె బతికున్నన్నాళ్లు ఈ అర్ర ఆమెదేనని సాదా కాగితం మీద రాయించి వేలిముద్ర వేశాడట. రిజిస్ట్రీ కాని కాగితం, అందుకే ఆఫీసు రికార్డుల్లో వెతికినా మాకు కనిపించేది కాదు.

ఎవరు రాశారమ్మా అని అడిగాను.

"ఇంకెవరు, ఇస్మాయిల్ సాబ్. అప్పుడు వయసుల ఉండె. పైసలు గుడ తీస్కోలే."

ఆ కాగితం ఏదమ్మా అంటే నవ్వింది. "చెదలు తిన్నయ్ బిడ్డా. మా కొమురయ్య ఉన్నన్ని దినాలు దానితోని పనే వడలే. నా తమ్ముడు మంచోడు."

రొట్టె తిప్పింది. తర్వాత తనే చెప్పింది. "నన్ను ఏడికో తీస్కపోతరట. ఏడికో బాల్‌రాజుకు గుడ ఎరుకలేనట్టుంది. నేనేమడగలే. అడుగుతె పిలగాడు చిన్నవోతడు గదా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అనుకుందేమో, పీట ఇంకొంచెం వెనక్కి జరుపుకొమ్మంది. మర్నాడు నా చేతి మీదుగా ఆ డాక్యుమెంటు పూర్తయి ఉంటే, ఆమె ఆ పొయ్యి దగ్గరి నుంచి లేవాల్సి వచ్చేది. కొన్నాయనకు గానీ, బ్యాంకుకు గానీ, ఆఫీసుకు గానీ అలాంటి మనిషి ఉందనే తెలిసేది కాదు.

సాయంత్రం బాల్‌రాజ్‌ను మడిగెకు పిలిపించాను. ఖాళీ పేజీ గురించి చెప్పలేదు. సాబ్ అడిగినట్టే అడిగాను. "బాల్‌రాజూ, ఆ ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తుండ్రు?"

వాడు కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు.

"అత్తను నాతోనే తీస్కపోదామనుకున్ననన్నా. మా కిరాయి ఇంట్ల జాగ లేదు. ఏదన్న ఆశ్రమంల అడుగుదామనుకున్న. నాకు గుడ మనసున వట్టలే" అన్నాడు. తర్వాత, "నాయిన పోయేముందట దవాఖానల మీ అత్త, మీ అత్త అన్నడు. ఆమెను చూడబుద్దయితుందేమో అనుకొని తోల్కపోయిన. ఇంకేదో చెప్పబోయిండన్నా, నాకు సమజ్ కాలే" అని మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. వాడు చెడ్డవాడు కాదు. ఒక్కడే అన్నీ మోస్తూ, ఆమెను కూడా ఇంటి సామాన్లతో పాటు లెక్కేసుకున్నాడు, అంతే.

టీచరు గారితో మాట్లాడాం. ఆయన ఒప్పుకోరేమోనని భయపడ్డాను. ఆయన పోయి సత్తెమ్మను చూసి, ఆమె పెట్టిన రొట్టె తిని వచ్చారు. "ఉండనీయుండ్రి. మేం బడికి పోతె ఇంటికి ఒక మనిషి దిక్కుంటది" అన్నారు. డ్రాఫ్టు మార్చి రాశాను. ఆమె బతికున్నన్నాళ్లు వెనక అర్ర, దాని ముందు పొయ్యి జాగ, సందు దారి ఆమెవే, ఎవరూ అడ్డు చెప్పకూడదు అని. కొన్ని రోజులు ఆలస్యమైనా రిజిస్ట్రేషన్ అయింది. సత్తెమ్మ కూడా వచ్చి వేలిముద్ర వేసింది. ఆమెకిష్టమని బాల్‌రాజ్ మిర్చి బజ్జీలు తినిపించి, ఇంటి దాకా దిగబెట్టి వచ్చాడు.

ఆ రోజే కొత్త డాక్యుమెంటును స్కాన్ చేసి ఫైల్లో పెట్టబోయాను. ఖాళీ పేజీ లేదు. ఉర్దూ కాగితం తిన్నగా గిఫ్టు డీడు లోపలే ఉంది, మొదట్లో నేను పెట్టినట్టే. చెత్తబుట్టలో చూశాను. అక్కడా లేదు. నేను అన్నిసార్లు పారేసినవి ఒక్కటీ లేవు. ఎవరు, ఎప్పుడు అని రాసి పెట్టే చోట కూడా దాని ఊసే లేదు. ఊరందరి కాగితాలూ స్కాన్ చేసే నేను, ఆ పేజీకి ఒక్క ఫొటో తీసి పెట్టుకోలేదు. చూశామని చెప్పడానికి నేను, సునీత, ఇద్దరమే ఉన్నాం. సునీత ఆ ఆదివారం చర్చిలో ఇస్మాయిల్ సాబ్ కోసం ప్రార్థన చేసిందట. ఆయనకేం అభ్యంతరం ఉండదులే అన్నాను.

తర్వాత నేనే ఒక ఖాళీ పేజీ తయారు చేశాను. పేరు పెట్టలేదు. గిఫ్టు డీడు లోపల దాన్ని పెట్టి, దాని లోపల ఉర్దూ కాగితాన్ని పెట్టాను. చెదలు తిన్న కాగితానికి ఒక జాగ ఉండాలి కదా. ఇప్పుడు తీరిక దొరికినప్పుడల్లా పాత ఫైళ్లన్నీ తెరిచి, సాబ్ తెల్ల కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కట్టల్లో చూసుకుంటూ, అక్కడక్కడ ఖాళీ పేజీలు పెడుతున్నాను. ఇల్లు అమ్మడానికి వచ్చినవాళ్లను పొయ్యి సంగతి అడుగుతున్నాను. వాళ్లు నన్ను వింతగా చూస్తున్నారు.

దయ్యాలున్నాయని నేనిప్పటికీ నమ్మను. ఆ పేజీ పెట్టింది సాబే అనడానికి నాకు నోరు రాదు, కాదనడానికి మనసొప్పదు. తెలిసినవాళ్లు ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెబితే వింటాను.

మొన్న ఆ సందులోంచి పోతుంటే సత్తెమ్మ పిలిచి కూర్చోబెట్టింది. చాలా రోజులుగా అడుగుదామనుకున్నట్టుంది.

"నా కాగితం చెదలు తిన్నదాయె. మా పిలగాడు చెప్పకపాయె. నేనున్నని నీకెట్ల ఎరుకైంది బిడ్డా?"

ఇస్మాయిల్ సాబ్ దగ్గర నీ పేరు కనిపించిందమ్మా అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. పొయ్యిలో కట్టె లోపలికి తోసి, "గంతే అయ్యుంటది. ఆయన యాదిమరిచే మనిషి గాదు" అంది.

నేను అవునన్నాను.